నవల ముగిసింది, ఊరు అలాగే ఉంది

1938 అక్టోబరు 26న కాలిఫోర్నియాలో, లాస్ గాటోస్ దగ్గరి కొండల్లో, జాన్ స్టైన్‌బెక్ ఒక నవల రాసి ముగించాడు. అప్పటికి ఐదు నెలలుగా రోజుకు 2,000 మాటలకు అటూ ఇటూగా చేత్తో రాస్తూ వచ్చాడు. భార్య కారల్ వెనకాలే టైపు చేస్తూ వచ్చింది. దుమ్ము తుఫానులకు, బ్యాంకు అప్పులకు పొలం పోగొట్టుకుని ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకు వలసపోయిన ఒక కౌలు రైతు కుటుంబం కథ అది. దానికి 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' అన్న పేరు వెతికిపెట్టింది కూడా కారలే. నవలతో పాటు ఆయన ఒక డైరీ రాసేవాడు. రోజూ పనిలో కూర్చునే ముందు చెయ్యి సాగడానికి అందులో నాలుగు ముక్కలు రాసుకోవడం అలవాటు. చివరి రోజు అందులో రాసుకున్నది ఇంతే: ఇవాళ్టితో అయిపోయిందని, దేవుడి దయవల్ల బాగా వచ్చి ఉంటే చాలని.

ఆ తర్వాత డైరీ దాదాపు ఏడాదిపాటు ఆగిపోయింది. 1939 అక్టోబరు మధ్యలో మళ్లీ తెరిచాడు. ఈలోపు పుస్తకం అచ్చయింది, ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన నవల అయింది. డైరీలో ఆ సంబరం కనపడదు. నెలల తరబడి పీడించిన కాలినొప్పి గురించి ఉంది. ఇన్నాళ్లు రాయకుండా ఎప్పుడూ లేనన్న బాధ ఉంది. అసలు ఏం జరిగింది, అది నన్నేం చేసింది, ఇప్పుడైనా తేల్చుకోవాలి అన్న మాట ఉంది.

రాజకీయ నవల రాసి అచ్చు వేసినవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట దగ్గరికి వచ్చినవాళ్లే. పుస్తకం అమ్ముడుపోనివాళ్లు వస్తారంటే అర్థం చేసుకోవచ్చు. అమ్ముడుపోయినవాళ్లు కూడా వస్తారు. ఎందుకని?

ఏ పెద్ద పని అయినా అయిపోయాక వెలితి మిగులుతుంది. పెళ్లి మర్నాడు పందిరి విప్పేసిన ఇల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. నిన్నటిదాకా కాలు పెట్టడానికి చోటు లేని వాకిట్లో ఇవాళ కుర్చీలు లెక్కపెట్టుకునే షామియానావాడు తప్ప ఎవరూ ఉండరు. మూడేళ్లో నాలుగేళ్లో తెల్లవారుజామున లేచి ఒకే మనుషులతో గడిపినవాడికి, ఆ మనుషులు ఇక మాట్లాడరని తెలిసిన రోజు అలాగే ఉంటుంది. అది ప్రేమకథ రాసినవాళ్లకైనా, డిటెక్టివ్ కథ రాసినవాళ్లకైనా ఉండేదే. కొన్నాళ్లకు సర్దుకుంటుంది.

రాజకీయ నవల దగ్గర తేడా ఇంకో చోట ఉంది. ప్రేమకథ చివరి పేజీతో ఆ కథ నిజంగానే అయిపోతుంది. భూమి గురించి, కూలి గురించి, కులం గురించి, పోలీస్ స్టేషన్ గురించి రాసిన నవల మాత్రం కాగితం మీదే అయిపోతుంది. ఏ ఊరిని చూసి నవల రాశాడో ఆ ఊరు నవల అయిపోయిన మర్నాడు కూడా అలాగే ఉంటుంది. అదే దొర, అదే అప్పు, అదే బోరుబావి. రాస్తున్నంత కాలం రచయితకు ఒక ధైర్యం ఉంటుంది, తను ఏదో చేస్తున్నానని. ముగించిన రోజున ఆ ధైర్యం కూడా చేజారుతుంది. చేయగలిగింది చేసేశాడు, బయట ఏమీ కదల్లేదు. ఆ తర్వాత పట్టుకునే దిగులు దీన్నుంచి పుట్టేదే. అలసట అనుకుని నాలుగు రోజులు పడుకుంటే పోయే రకం కాదు.

స్టైన్‌బెక్ కథలో ఇది బాగా దగ్గర నుంచి కనపడుతుంది. ఈ నవల కంటే ముందు అదే సంగతుల మీద ఆయన ఇంకో రాతప్రతి పూర్తి చేశాడు. తన సొంత ఊరు సలీనాస్‌లో సమ్మె చేసిన కూలీల మీద పెద్దమనుషులు చేసిన దౌర్జన్యం గురించి, వెటకారంగా రాసిన పుస్తకం. 1938 మే నెలలో దాన్ని తనే నాశనం చేశాడు. మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలని ఇన్నాళ్లూ రాసినవాణ్ణి, సగం అర్థం చేయించి ద్వేషం పుట్టించే పుస్తకం రాశానని ప్రచురణకర్తల వైపు వాళ్లకు ఉత్తరం రాశాడు. రాజకీయ నవల రాసేవాడికి ఉండే అసలు భయం ఇదే. వాక్యం బాగా రాలేదన్న భయం అందరికీ ఉంటుంది. అన్యాయం చేసిన మనిషిని రాసేటప్పుడు నేను కూడా ఏమైనా అన్యాయం చేశానా అన్న భయం రాజకీయ నవలాకారుడికి అదనం. పుస్తకం ప్రెస్సుకు వెళ్లాక ఆ భయం తగ్గదు, పెరుగుతుంది. ఇక మార్చడానికి వీలుండదు కాబట్టి.

రాస్తున్న రోజుల్లోనే, 1938 ఆగస్టులో, నేను రచయితను కాను, నన్ను నేనే మోసం చేసుకుంటున్నాను, ఇతరులనూ మోసం చేస్తున్నాను అని డైరీలో రాసుకున్నాడాయన. ఆ పేజీ రాసిన చేతే ఆ రోజు నవలలో మరికొన్ని పేజీలు రాసింది. పని ఉన్నప్పుడు అనుమానానికి కూర్చునే తీరిక ఉండదు. పని అయిపోయాక వచ్చే అనుమానం వేరు, దానికి రోజంతా ఖాళీయే.

తర్వాత ముగింపు గొడవ వచ్చింది. నవల చివరి సన్నివేశంలో, బిడ్డ చచ్చి పుట్టిన ఒక యువతి ఆకలితో చచ్చిపోతున్న ముక్కూమొహం తెలియని మనిషికి తన పాలు పడుతుంది. దాన్ని మార్చమని, కనీసం ఆ మనిషిని ముందే కాస్త పరిచయం చేయమని ప్రచురణ సంస్థ అడిగింది. 1939 జనవరిలో స్టైన్‌బెక్ ఉత్తరం రాసి కుదరదన్నాడు. పాఠకుడి నరాలు పీలికలయ్యేలా రాయడానికి నా శక్తికొద్దీ ప్రయత్నించాను, అతను తృప్తిగా పుస్తకం మూయడం నాకు ఇష్టం లేదని చెప్పాడు. పాఠకుడికి నెమ్మది ఇవ్వకూడదని అంత పట్టుదలగా రాసినవాడికి, తనకు మాత్రం నెమ్మది ఎక్కణ్నుంచి వస్తుంది? ఆ ముగింపు రాసేటప్పుడు పాఠకుడు ఎక్కడ నిలబడాలనుకున్నాడో, రాశాక తనూ అక్కడే నిలబడాల్సి వచ్చింది.

ఇక డబ్బు సంగతి. దీని గురించి రచయితలు పెద్దగా మాట్లాడరు, కానీ చాలా లోతుగా గుచ్చుకునే ముల్లు. 1938 తొలి నెలల్లో వైసేలియా ప్రాంతంలో వరదలు వచ్చి వేల కుటుంబాలు గుడారాల్లో ఆకలితో అల్లాడుతుంటే స్టైన్‌బెక్ వెళ్లి ఆ బురదలో తిరిగాడు. ఆయన్ని వలస కూలీల మధ్యకు తీసుకెళ్లి అన్నీ చూపించింది ప్రభుత్వ శిబిరం నడిపే టామ్ కాలిన్స్. నవల అంకితం కారల్‌తో పాటు ఆయనకే. ఆ వరదల గురించి పత్రికకు రాసి డబ్బు తీసుకునే అవకాశం వస్తే, ఇంత బాధను నేను సొమ్ము చేసుకోలేను అన్నాడు. ఏడాది తిరిగేసరికి అదే బాధ మీద రాసిన నవల 4 లక్షల కాపీలకు పైగా అమ్ముడుపోయింది. సినిమా హక్కులు 75,000 డాలర్లకు వెళ్లాయి. తప్పు చేసి సంపాదించిన డబ్బు కాదు. కష్టపడి, నిజాయితీగా రాస్తే వచ్చింది. అయినా, గుడారంలో పసిపిల్లకు పాలు లేక ఏడ్చిన తల్లి ఎక్కడుందో తెలియనప్పుడు బ్యాంకు పుస్తకంలో అంకె చూసుకోవడం ఏ మనిషికైనా కష్టమే. పుస్తకం అంతగా అమ్ముడుపోదు, ఎక్కువ కాపీలు వేయొద్దని ఆయన ప్రచురణకర్తకు ముందే చెప్పి ఉన్నాడు. అది నిజంగా అంచనా తప్పడం అయినా కావచ్చు. ఎక్కువ అమ్ముడుపోతే ఏమవుతుందో లోపల ఎక్కడో తెలిసి ఉండడం కూడా కావచ్చు.

తిట్లూ వచ్చాయి. కాలిన్స్ శిబిరం ఉన్న కెర్న్ కౌంటీలోనే 1939 ఆగస్టులో పాలక మండలి ఆ నవలను బడుల నుంచి, గ్రంథాలయాల నుంచి తీసేయించింది. పుస్తకాన్ని తగలబెట్టి ఫొటోలు తీయించుకున్నారు. ఓక్లహామా ప్రతినిధి ఒకరు అమెరికా కాంగ్రెసులో నిలబడి ఇదంతా అబద్ధమన్నారు. రోజూ కట్టలు కట్టలుగా ఉత్తరాలు, డబ్బు సాయం అడిగేవాళ్లు, ఆపకుండా మోగే ఫోను. మనుషులు తనను గుర్తుపట్టని రోజుల్లోనే వాళ్ల మధ్య కూర్చుని వినగలిగాడు, కూలీల నోటి మాట పట్టుకోగలిగాడు. పేరు వచ్చాక ఆ తలుపు మూసుకుపోయింది. ఏ పనితనంతో ఆ పుస్తకం రాశాడో దాన్ని ఆ పుస్తకమే ఎత్తుకుపోయింది. 1943 నాటికి కారల్‌తో కాపురం కూడా విడాకులతో ముగిసింది. నవల వల్లే అనడం అన్యాయం. కానీ ఆ ఐదు నెలల చాకిరీ, దాని తర్వాతి రెండేళ్ల రభస ఇద్దరినీ ఎంత అరగదీశాయో ఊహించవచ్చు.

తిట్లకంటే పొగడ్తలు ఎక్కువ బాధపెట్టిన సందర్భం ఒకటుంది. ఇవాన్ తుర్గేనెవ్ 'తండ్రులూ కొడుకులూ' నవల 1862లో రష్యన్ పత్రికలో వచ్చింది. పాత విలువలన్నిటినీ కాదనే బజారోవ్ అనే యువ వైద్యుడు అందులో నాయకుడు. 'నిహిలిస్టు' అన్న మాట ఆ నవలతోనే జనం నోట్లో పడింది. ఆ ఏడాది వేసవిలో పీటర్స్‌బర్గ్‌లో పెద్ద అగ్నిప్రమాదాలు జరిగాయి, అప్రాక్సిన్ బజారు కాలిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లో తుర్గేనెవ్ ఊరికి తిరిగొచ్చాడు. నేవ్‌స్కీ వీధిలో ఎదురుపడిన మొదటి పరిచయస్తుడు అన్న మాట: చూడండి, మీ నిహిలిస్టులు ఏం చేస్తున్నారో, పీటర్స్‌బర్గ్‌ను తగలబెడుతున్నారు!

ఒక్కసారి ఆ వీధిలో ఆయన పక్కన నిలబడి చూడాలి. గాలిలో పొగ వాసన ఇంకా పోలేదు. తను పుట్టించిన పాత్ర తన చెయ్యి దాటిపోయి, ఎవరో పెట్టిన నిప్పుకు బాధ్యత మోయాల్సి వచ్చింది. ఏడేళ్ల తర్వాత ఆ నవల గురించి రాస్తూ ఆయన చెప్పిన సంగతి ఇంకా నొప్పి పుట్టిస్తుంది. తనకు ఇష్టమైనవాళ్ల ముఖాల్లో కోపానికి దగ్గరగా ఉన్న చల్లదనం చూశాడట. తను వ్యతిరేకించే పక్షం వాళ్లు మాత్రం అభినందించారు, దాదాపు ముద్దు పెట్టుకున్నంత పని చేశారు. కుర్రకారు తమను వెక్కిరించాడనుకున్నారు, పెద్దలు తమ పక్షాన రాశాడనుకున్నారు. ఆయన మాత్రం రాస్తున్నంత సేపూ బజారోవ్ వైపు తెలియకుండానే లాగబడ్డాడు. నవల పూర్తయిన రోజు తన డైరీలోనే ఆ సంగతి రాసుకున్నాడు, దీన్ని ఎవరూ నమ్మరేమోనని కూడా. ఆ భయమే నిజమైంది. బజారోవ్‌ను అతని మొరటుతనంతో సహా పాఠకుడు ప్రేమించలేకపోతే తప్పు నాదేనని 1862లో ఒక యువకవికి ఉత్తరంలో రాశాడు. తప్పు తన మీద వేసుకున్నాడు కానీ బాధ తగ్గలేదు. తగ్గి ఉంటే ఏడేళ్లకు మళ్లీ వ్యాసం రాసేవాడు కాదు.

మనవాళ్లు తిడితే ఒక బాధ. కానివాళ్లు కావలించుకుంటే ఆ బాధకు పేరు కూడా దొరకదు. రచయిత వివరణ ఇస్తే జడిసి మాట మారుస్తున్నాడంటారు, ఊరుకుంటే ఒప్పుకున్నాడంటారు.

జార్జ్ ఆర్వెల్‌కు వివరణ ఇవ్వడానికి కూడా సమయం సరిగా దొరకలేదు. స్కాట్లండ్ పక్కన జూరా దీవిలో, క్షయతో, నిరంకుశ రాజ్యం మీద రాసిన '1984' నవల చివరి రాతప్రతి ఆయనే టైపు చేసుకున్నాడు. టైపు చేసే మనిషిని అక్కడికి రప్పించాలని చూస్తే ఎవరూ దొరకలేదు. మంచం మీద కూర్చుని, జ్వరంతో, కొట్టివేతలతో నిండిన కాగితాలను శుభ్రంగా మళ్లీ కొట్టాడు. 1948 డిసెంబరులో పని ముగిసింది, 1949 జనవరిలో శానటోరియంలో చేరాడు. టైపు పని మొదలుకాక ముందే ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో, పుస్తకం పట్ల సంతోషంగా లేను, అలాగని పూర్తిగా అసంతృప్తీ లేదు, క్షయతో రాయకపోయి ఉంటే ఇంకా బాగా వచ్చేది అన్నాడు. అమెరికాలో ఒక పెద్ద బుక్ క్లబ్ కొన్ని భాగాలు తీసేస్తే తీసుకుంటామంది. డబ్బు పోయినా సరే తీయనన్నాడు. చివరికి క్లబ్బే దిగొచ్చి ఉన్నదున్నట్టు తీసుకుంది. జూన్ 8న పుస్తకం వచ్చింది. వారం తిరక్కముందే అమెరికాలో కొందరు దాన్ని సోషలిజం మీద, బ్రిటన్ లేబర్ పార్టీ మీద దాడిగా చదివారు. కార్ల కార్మికుల సంఘం నుంచి ఒకరు అడిగితే, అది సోషలిజం మీదో, నేను సమర్థించే లేబర్ పార్టీ మీదో దాడి కాదని పడక మీంచి జవాబు రాశాడు. 1950 జనవరి 21న, 46 ఏళ్లకు పోయాడు. ఆ వివరణ చదివినవాళ్లు తక్కువ, నవలను తమ తమ అవసరాలకు వాడుకున్నవాళ్లు ఎక్కువ.

అప్టన్ సింక్లెయిర్ సంగతి కొంచెం వేరు. ఆయన పుస్తకం వల్ల మార్పు వచ్చింది, అనుకున్న మార్పు రాలేదు. చికాగో మాంసం ఫ్యాక్టరీల్లో కూలీల బతుకు చూపిద్దామని 1906లో 'ద జంగిల్' తెస్తే జనం తాము తినే మాంసం గురించి హడలిపోయారు. జూన్ 30న ఆహార చట్టాలు వచ్చాయి. కూలీలకు ఏమీ రాలేదు. జనం గుండెకు గురిపెడితే పొరపాటున కడుపుకు తగిలిందని ఆయన అన్న మాట ప్రపంచమంతా తిరిగింది. నవ్వుతూ ఉటంకిస్తారు గానీ అది నవ్వుతూ అన్న మాట కాదు.

తెలుగులో ఈ కథ ఇంకో రకంగా నడిచింది. పుల్లరి సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలను జైల్లోనే రాశారు. బయటికి వచ్చిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని ఆ చిక్కు పూర్తిగా వదల్లేదు. నలభైల్లో రాసిన పుస్తకం అరవై ఏళ్లు వచ్చాక స్వేచ్ఛగా జనం చేతికి రావడం అంటే ఆ మధ్య కాలమంతా రచయితకు ఎలా గడిచి ఉంటుంది? నిషేధం ఒక రకంగా గౌరవం అంటారు. దూరం నుంచి చూసేవాళ్లు అలా అనగలరు.

ఇప్పటి తెలుగు రాజకీయ నవలకు నిషేధం కంటే నిశ్శబ్దం ఎక్కువ. 500 కాపీలో 1,000 కాపీలో, చాలాసార్లు సొంత డబ్బుతో. ఆవిష్కరణ సభలో ముందు వరసలో తెలిసినవాళ్లే. వక్తల్లో ఒకరిద్దరు పుస్తకం పూర్తిగా చదివి వస్తారు, మిగతావాళ్లు ముందుమాట చదివి వస్తారు. సభ అయ్యాక మిగిలిన బండిళ్లు ఆటోలో ఇంటికి చేరతాయి, మంచం కింద సర్దుకుంటాయి. శాలువా బీరువాలోకి వెళ్తుంది. మర్నాడు వాట్సాప్‌లో ఫొటోలకు శుభాకాంక్షలు వస్తాయి, ఆ తర్వాత వారం, పది రోజులు ఏమీ రావు. పదిహేనో రోజున సొంతూరి నుంచి ఫోను వస్తుంది. అది నవల ఎలా ఉందని చెప్పడానికి కాదు: "అందులో ఆ సర్పంచ్ మన పెదనాన్నేనట కదా, ఊళ్లో అంతా అనుకుంటున్నారు." ఏమని చెప్పాలి? నలుగురు మనుషుల్ని కలిపి ఒక పాత్ర చేశానని చెబితే ఎవరూ వినరు. వచ్చే సంక్రాంతికి ఆ ఇంటి గడప తొక్కాలా వద్దా అన్న టెన్షన్ ఒక్కటే మిగులుతుంది. ఉద్యమంలో ఉన్న మిత్రులు ఇంకో ప్రశ్న వేస్తారు: ఇంతకీ నువ్వు ఏ పక్షం? నవల 300 పేజీల్లో చెప్పిన జవాబును ఒక్క మాటలో అడుగుతారు.

భయం లోపలికి వెళ్లి కాపురం పెట్టడం ఇంకా పెద్ద నష్టం. తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ 'మాదొరుబాగన్' నవల 2010లో వస్తే, నాలుగేళ్ల తర్వాత, 2014 చివర్లో, కుల సంఘాలు ఆందోళన చేశాయి. 2015 జనవరిలో రచయిత పెరుమాళ్ మురుగన్ చనిపోయాడని ఆయనే ప్రకటించారు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చి, రాయమని చెప్పింది. రాశారు. కానీ ఆ తర్వాత, నా లోపల ఇప్పుడొక సెన్సారు కూర్చున్నాడు, పుట్టే ప్రతి మాటనూ పరీక్షిస్తున్నాడు అన్నారు. కోర్టు బయటి అడ్డు తీసేసింది. లోపలివాణ్ణి ఖాళీ చేయించే ఉత్తర్వు ఏ కోర్టూ ఇవ్వలేదు.

ఇన్ని తెలిశాక కూడా మనుషులు రాజకీయ నవలలు రాస్తూనే ఉన్నారు. దిగులు నుంచి బయటపడే దారి ఒక్కొక్కరికి ఒక్కోలా దొరికింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'తో ఆగలేదు, తెలంగాణ పోరాట కథను 'గంగు'లో కొనసాగించడానికి పూనుకున్నారు. అది పూర్తికాకుండానే 1961లో వెళ్లిపోయారు. ఆయన ఆపిన చోటు నుంచి దాశరథి రంగాచార్య అందుకున్నారు, 'చిల్లర దేవుళ్లు' మొదలుకొని ఒకదాని తర్వాత ఒకటి రాశారు. ఊరి కథ ఒక మనిషి జీవితంలో అయిపోయేది కాదని ఒప్పుకుంటే, ముగింపు అన్న బరువు ఒక్కడి మీదే పడదు.

స్టైన్‌బెక్ కొన్నాళ్లు నవలే వద్దనుకున్నాడు. 1940 మార్చి 11న సముద్ర జీవశాస్త్రవేత్త అయిన మిత్రుడు ఎడ్ రికెట్స్‌తో కలిసి మాంటెరీ రేవు నుంచి వెస్టర్న్ ఫ్లయర్ అనే చేపల పడవలో కాలిఫోర్నియా సింధుశాఖకు బయల్దేరాడు. ఆరు వారాలు. ఆటుపోట్ల మధ్య బయటపడే రాళ్ల మీద వంగి, నక్షత్ర చేపల్ని, పీతల్ని, సముద్రపు పురుగుల్ని ఏరి, సీసాల్లో వేసి, చీటీ అంటించడం పని. ఆ ప్రాణులకు ఆయన ఎవరో తెలియదు, ఆయన్నుంచి ఏమీ కోరవు. ఏప్రిల్ 20న తిరిగొచ్చాడు. మే నెలలో 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్'కే పులిట్జర్ బహుమతి ప్రకటించారు, దాంతో 1,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు మాంటెరీలో ఉండే ఒక మిత్రుడికి ఇచ్చేశాడు. ఉద్యోగం మానేసి నవల రాసుకొమ్మని.